మునెమ్మ ఇంట్లో పడిన రాయి

తిరుపతి వెళ్ళొచ్చానంటే మా కాకినాడ వీధిలో ఎదురైనవాళ్ళు ముందు ప్రసాదం కోసం చెయ్యి చాస్తారు. ఈసారి అందరికీ వట్టి చేతులే చూపించాను. నేను కొండ ఎక్కలేదు. వెంట తీసుకెళ్ళింది టెలిస్కోపు, వెళ్ళిన పని ఆకాశం గురించి మాట్లాడడం. ఎవరడిగినా "బాగా జరిగిందండీ" అని తప్పించుకుంటున్నాను గానీ, జరిగింది వేరు. అది చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని. తిరుపతిలో ఒక బాలికల హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్సుగా ఉన్న రాజేశ్వరి, నేనూ ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నాం. ఒకరోజు ఫోన్ చేసి, "పిల్లోళ్ళు దడుసుకుంటా ఉండారే. నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పిపో" అంది. ఆ మధ్య ఒక గ్రహశకలం భూమిని గుద్దుకునే అవకాశం కొద్దిగా ఉందని వార్తలొచ్చాయి, గుర్తుండే ఉంటుంది. తర్వాత లెక్కలు మళ్ళీ చూసి, ముప్పు లేదని తేల్చేశారు. మొదటి వార్త ఇంటింటికీ వెళ్ళింది. రెండోది వెళ్ళలేదు. ఫోన్లలో మాత్రం భూమి పగిలిపోతున్న బొమ్మలూ, వెనక ఏడుపు సంగీతమూ తిరుగుతూనే ఉన్నాయి.

తిరుపతి

స్టేషను బయట ఆటో అతను నా పొడుగాటి పెట్టెను చూసి, "స్వామికి గొడుగు తెచ్చినారా అమ్మా?" అన్నాడు. టెలిస్కోపు అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే పైకి పోరా?" అని అడిగాడు. లేదన్నాను. దారంతా నన్ను అద్దంలో చూస్తూనే ఉన్నాడు, ఈవిడకేమొచ్చిందో అన్నట్టు.

రాజేశ్వరి వాళ్ళింట్లో ఆ పూట రాగి సంగటి, శెనక్కాయల ఊరుబిండి. మేం పచ్చడి అంటాం, వాళ్ళు ఊరుబిండి అంటారు. మా గోదావరి నాలుకకి అందులో పులుపు చాల్లేదు, కారం మాత్రం కళ్ళదాకా వచ్చింది. సంగటి నమలకుండా మింగాలని రాజేశ్వరి నేర్పింది. నాకు చేతకాలేదు. వాళ్ళింట్లో అందరూ తిని చేతులు కడుక్కున్నాక కూడా నా కంచంలో ముద్ద అలాగే ఉంది.

మర్నాడు స్కూలు ఆవరణలో ఆడపిల్లలు బారులుగా కూర్చున్నారు. మొదటినుంచీ చెప్పాను. వెయ్యిన్నీ మూడువందల ఎనభై కోట్ల ఏళ్ళ కిందట ఈ విశ్వమంతా ఊహకందనంత చిన్నగా, ఊహకందనంత వేడిగా ఉండి విచ్చుకోవడం మొదలైందనీ, మన రక్తంలో ఉన్న ఇనుము ఎప్పుడో చచ్చిపోయిన నక్షత్రాల పొట్టలో తయారైందనీ, గ్రహాలు కట్టగా మిగిలిపోయిన రాళ్ళే ఈ గ్రహశకలాలనీ చెప్పాను. ముందు వరసలో ఒక పిల్ల లేచి నిలబడింది.

"అంతా సుక్కంత ఉండేదంటారే, ఆ సుక్క యాడుండేది మేడం?"

"యాడ అనేదే అప్పటికి లేదమ్మా. చోటు కూడా దానితోనే పుట్టింది."

ఆ పిల్ల నమ్మలేదు. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. నేను కూడా దాన్ని లెక్కల్లో నమ్ముతాను తప్ప కళ్ళు మూసుకుంటే కనిపించదు. ఇంకో పిల్ల అడిగింది, "అయితే ఆ రాయి పడదా?" పడదన్నాను. "ఇంకోటి?" అంది. ఏనాటికో ఇంకొకటి రావచ్చుననీ, అందుకే ప్రపంచమంతా కాపలా కాస్తున్నారనీ చెప్పాను. "కాపలా ఉండేవాళ్ళు మన పక్క ఉండారా మేడం?" అంది. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ధైర్యం చెప్పడానికొచ్చి నిజం చెప్పడంలో ఉన్న ఇబ్బంది ఇదే. పూర్తి ధైర్యం ఎక్కడా దొరకదు.

వడమాలపేట

నగరిలో నేత పనివాళ్ళ సంఘం హాల్లో రెండో ఉపన్యాసం. బస్సులో కండక్టరు టెలిస్కోపుకు లగేజీ టికెట్టు కొట్టాడు. బరువుకి కాదట, పొడుగుకట. వడమాలపేట దగ్గర బస్సు టైరు పంక్చరై అందరం కిందికి దిగాం. రోడ్డు పక్క అంగట్లో టీ పదిరూపాయలు. మా ఊళ్ళో పన్నెండు పెట్టినా ఇంత చిక్కగా ఉండదు. అంగడాయన నా పని కనుక్కుని పెద్దగా నవ్వాడు.

"పడితే పడనీ మేడం. అందురూ ఒగేసారి పోతే ఏడ్సేవాళ్ళుండరు గదా. ఒకరొకరు పోతేనే కష్టం."

పోయినేడు భార్య పోయిందని ఆయనే చెప్పాడు, గ్లాసులు కడుగుతూ, నా వైపు చూడకుండా. ఇంకో టీ అడిగి తాగాను.

నగరి

నగరికి వచ్చేసరికి తెలుగూ తమిళమూ ఒకే వాక్యంలో కలిసి నడుస్తాయి. హోటల్లో ఇడ్లీలోకి చట్నీ కంటే ముందు వడకర్రీ, అంటే పప్పువడలు చిదిమి చేసే కూర, వడ్డించారు. మా వైపు పెట్టరది. బాగుంది. సాయంత్రం హాలు నిండింది. చంద్రుణ్ణి చూపిస్తానని టెలిస్కోపు వీధిలో నిలబెట్టాను గానీ మబ్బు పట్టేసింది. జనం కాసేపు మెడలెత్తి నిలబడి, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను సామాను సర్దుకుంటుంటే ఒకామె ఇంకా నిలబడే ఉంది. ముప్పై దాటి ఉంటాయి. చీర కుచ్చిళ్ళకు దారం పోగులు అంటుకుని ఉన్నాయి.

"మేడం, పైనించి రాయి పడి మనుషులు సస్తారా?"

"చాలా అరుదమ్మా. దాదాపు లేదనే చెప్పాలి."

"మా అమ్మ సచ్చిపోయింది."

ఆమె పేరు ధనలక్ష్మి. పుట్టిల్లు పూతలపట్టు దగ్గర పల్లె. నగరిలో మగ్గాలు నడిపే ఇంటికి కోడలై వచ్చింది. మూడు నెలల కిందట పుట్టింటి పైకప్పు రేకు పగలగొట్టుకుని ఒక రాయి పడింది. లోపల జ్వరంతో పడుకున్న తల్లి మునెమ్మ అక్కడికక్కడే పోయింది. ఊరి పక్కనే జల్లి క్వారీ ఉంది. మనం కంకర అంటామే, అది. క్వారీవాళ్ళు ఆ రోజు మందు పేల్చనేలేదన్నారు. వార్తల్లో చెప్పే ఆకాశం రాయే పడిందనీ, ఊరంతా విన్న చప్పుడు దానిదేననీ అన్నారు. ఊరు నమ్మింది. రాయికి పసుపు పూసి పూజ చేస్తున్నారు.

"మీరొచ్చి సూసి సెప్పండి మేడం. పైనించి పడిందంటే దేవుడు తీసుకుపోయినాడనుకుంటా. కాకపోతే నాకు తెలియాల."

"మీ ఇంట్లో ఎవరున్నారిప్పుడు?"

"మా అన్న. దేవరాజు. పెండ్లి కాలేదు. వాడూ ఆ క్వారీలోనే పని."

మర్నాడు నేను ఇంకో ఉపన్యాసానికి తిరుపతి తిరిగి వెళ్ళాలి. రాజేశ్వరికి ఫోన్ చేసి రాలేనన్నాను. ఒక్క మాట ఒప్పుకోవాలి. మనసు మూల చిన్న ఆశ ఉంది, నిజంగా ఉల్కేమోనని. నిప్పులో కాలి నల్లటి పెంకు కట్టిన ఆకాశపు రాయిని చేత్తో పట్టుకోవాలని చదువుకునే రోజులనుంచీ కోరిక. ఒక మనిషి ప్రాణం తీసిన రాయని తెలిసీ, ఆ ఆశ పోలేదు.

చిత్తూరు దారి

పుత్తూరు మీదుగా చిత్తూరు బస్సు పట్టుకున్నాం. కిటికీ బయట మామిడి తోటలు, మధ్యమధ్య బోడిగుట్టలు, కొన్ని గుట్టలకి సగం శరీరం లేదు. ధనలక్ష్మి తెచ్చిన చిత్రాన్నం ఇద్దరం తిన్నాం. ఆమె తల్లి గురించి ఎక్కువ చెప్పలేదు. చెప్పిందల్లా చిన్నచిన్నవే.

"మా అమ్మకి సైరన్ అంటే కోపం మేడం. పేల్చేముందు సైరన్ కొడితే అందురూ ఇండ్లు వొదిలి రోడ్డు మీదికి రావాల గదా. వంట మజ్జలో వొదిలేసి రావాలంటే తిట్టుకుంటా వచ్చేది. కానీ వచ్చేది. ఏనాడూ లోపల ఉండిపోలేదు."

"ఆ రోజు సైరన్ కొట్టలేదా?"

"కొట్టలేదంట. పేల్చలేదు గాబట్టి కొట్టలేదంటారు."

"మీ అన్నేమంటాడు?"

ఆమె బయటికి చూసింది. "ఏమీ అనడు. సావు రోజునించి వాడు మాట్లాడేదే తక్కువైపాయ."

ఊళ్ళో

చిత్తూరులో బస్సు మారి, పూతలపట్టులో దిగి ఆటోలో వెళ్ళాం. పల్లె పేరు రాయడం లేదు. ఇళ్ళ మీదంతా సన్నటి తెల్లదుమ్ము. చింతచెట్టు ఆకులు కూడా బూడిదరంగులో ఉన్నాయి. మా వైపు ఎవరింటికైనా వెళితే ముందు మంచినీళ్ళిస్తారు. అక్కడ కాళ్ళకి నీళ్ళిచ్చారు. పక్కింటి ముసలామె చెంబు అందిస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

"దేవుడి రాయిని సూసేదానికి వచ్చినావామ్మా? మంచిది. మొక్కుకో. క్వారీ జోలికి మాత్రం పోవద్దు. ఈడ సగం పొయ్యిలు దాంతోనే మండతా ఉండాయి."

దేవరాజు గడపలో కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, చేతులు మోకాళ్ళ మీద వేలాడేసుకుని. చెల్లెల్ని చూసి లేచాడు. నన్ను చూసి మళ్ళీ కూర్చున్నాడు. పైకప్పుకి కొత్త రేకు వేశారు. చుట్టూ ఉన్నవి నల్లబడిపోయాయి, అదొక్కటే మెరుస్తోంది. దాని కిందే మూలగా, గోడకి ఆనించి, రాయి. పెద్ద గుమ్మడికాయంత. పసుపు, కుంకుమ, వాడిపోయిన చామంతులు, కర్పూరం మసి.

ఉల్క కాదని గుమ్మంలోంచే తెలిసిపోయింది. పసుపు రాలినచోట తెల్లటి, గులాబీ రంగు పలుకులు మెరుస్తున్నాయి. గ్రానైటు. ఆకాశం నుంచి అలాంటి రాయి రాదు. అయినా సంచీలోంచి అయస్కాంతం తీసి తాకించాను. అంటుకోలేదు. నల్లపెంకు కోసం గోకి చూశాను. లేదు. నా చిన్న ఆశ పోయింది. పోయిందని నిరుత్సాహపడినందుకు సిగ్గు కూడా వేసింది.

"కొంచెం తిప్పి చూడాలి" అన్నాను.

ఎవరూ కదల్లేదు. ధనలక్ష్మి అన్న వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. ఆమే వచ్చి చెయ్యి వేసింది. ఇద్దరం కలిసి రాయిని గోడ నుంచి ఇవతలికి దొర్లించాం. గోడవైపున్న ముఖాన పసుపు లేదు. అక్కడ పైనుంచి కిందికి నున్నటి గాడి ఉంది, గొట్టాన్ని నిలువునా చీల్చితే సగం ఎలా ఉంటుందో అలా. మందు కూరడానికి రాతిలో వేసే డ్రిల్లు రంధ్రం అది. పేలినప్పుడు రాయి ఆ రంధ్రం వెంట చీలుతుంది.

ఆ గదిలో నేను చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆకాశం ఎదురుచెప్పదు. ఎంత నింద వేసినా మోస్తుంది. అన్నాచెల్లెళ్ళు ఆ పసుపురాయికి దణ్ణం పెట్టుకుంటూ బతికేయొచ్చు. కానీ ఆమె నన్ను అంతదూరం తీసుకొచ్చింది తెలుసుకోవడానికి.

"ఇది ఆకాశం రాయి కాదమ్మా. మీ గుట్టదే. ఈ గాడి డ్రిల్లుది. పేల్చితే వచ్చి పడింది."

ధనలక్ష్మి గాడిలో వేలు పెట్టి నిమిరింది. తర్వాత అన్న వైపు తిరిగింది. "నీకు తెలుసునా?"

"రాయిని తిప్పి పెట్టింది నేనే" అన్నాడు దేవరాజు.

అప్పుడు మాటలు వచ్చాయి, ముక్కలుముక్కలుగా. ఆ రోజు పేల్చేందుకు లైసెన్సున్న మనిషి రాలేదు. లారీలు నిలబడి ఉన్నాయి. సూపర్‌వైజరు తొందరపెట్టాడు. సైరన్ కొడితే ఊరోళ్ళు వచ్చి గొడవ చేస్తారు, వొద్దులే అన్నాడు. రంధ్రాలు వేసింది దేవరాజే. మందు కూరిందీ అతనే. మీట నొక్కింది కూడా.

"మందు ఎక్కువైందని నాకు అనిపించినాది మేడం. అనిపించినా నొక్కినాను. ఊరి పక్క ఏదో ఎగిరిపోయింది సూసినాను. ఎవరి సేన్లోనో పడిందిలే అనుకున్నా. పనైనాక ఇంటికొచ్చినాను. వాకిట్లో జనం ఉండారు."

ధనలక్ష్మి అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఆమె లేచి వాకిట్లోకి వెళ్ళి, అరుగు మీద మాకు వీపు చేసి కూర్చుంది.

"నువ్వే రాయి పెట్టి పూజ చేస్తా ఉంటివి" అంది, తిరగకుండానే. "నేను పండక్కి వచ్చి దానికి మొక్కినాను. నా సేత మొక్కిస్తివి."

అతను లేచాడు. రాయి దగ్గరికి వచ్చి కూర్చుని పంచె చెంగుతో పసుపు తుడవడం మొదలుపెట్టాడు. కొంచెం సేపటికి నన్ను అడిగాడు, "ఈ రాయి వయసెంత మేడం?"

అలాంటప్పుడు ఆ ప్రశ్నేమిటో నాకు అర్థం కాలేదు. అయినా తెలిసింది చెప్పాను. ఈ గుట్టల రాళ్ళు సుమారు రెండువందల యాభై కోట్ల ఏళ్ళ నాటివని. అప్పటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు, కంటికి కనిపించే ప్రాణి ఏదీ లేదని.

"అన్నేండ్లు ఉండినచోటే ఉండింది" అన్నాడతను. "నేను కదిలించినాను."

స్టేషన్

ఆ పూట ఊళ్ళో ఎవరూ మాకు అన్నం పెట్టలేదు. గోడలకి చెవులుంటాయి గదా, సంగతి అప్పటికే పాకిపోయింది. పక్కింటి ముసలామె తలుపు వేసేసుకుంది. నేను పూతలపట్టులో ఒక లాడ్జీలో పడుకున్నాను. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోదామనుకున్నాను. నా పని అయిపోయింది. పైగా చేసిన పని మంచిదో కాదో తెలియడం లేదు. బస్టాండులో ఇద్దరూ కనిపించారు. దేవరాజు ముందు, ధనలక్ష్మి పదడుగుల వెనక.

"స్టేషన్‌కి పోతా ఉండాము. మీరూ వస్తారా?" అందామె. "రాయి గురించి వాళ్ళకి మీరు సెప్పల్ల."

వెళ్ళాను. పెద్దవయసు హెడ్‌కానిస్టేబుల్ ఒకాయన మమ్మల్ని కూర్చోబెట్టాడు. నేను గాడి గురించీ, అయస్కాంతం గురించీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని దేవరాజు వైపు తిరిగాడు.

"సూడప్పా, తెలిసే వచ్చినావా? ముందు నీ మీదికే వస్తాది. వాళ్ళు లాయర్లను పెట్టుకుంటారు. నీకెవురుండారు?"

"రానీ సార్."

"సరే. ఏం జరిగిందో సెప్పు."

దేవరాజు మొదలుపెట్టాడు. లైసెన్సు మనిషి రాలేదన్నాడు. లారీలు ఉన్నాయన్నాడు. సైరన్ వద్దన్నారన్నాడు. రంధ్రాలు, మందు, మీట. "అప్పుడు మా అమ్మ" అన్నాడు. మళ్ళీ, "మా అమ్మ" అన్నాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. హెడ్‌కానిస్టేబుల్ కలం పట్టుకుని ఎదురుచూశాడు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడిన ధనలక్ష్మి వచ్చి అన్న పక్క కుర్చీలో కూర్చుంది. అతన్ని చూడలేదు, ముట్టుకోలేదు.

"మా అమ్మ లోపల పొణుకోనుండాది సార్" అంది. "సైరన్ కొట్టింటే లేచి వచ్చేది."

తిరిగొచ్చాక

తిరుపతిలో మిగిలిన ఉపన్యాసం రాజేశ్వరి రద్దు చేసింది, నా మొహం చూసి. రైల్లో కూర్చుని గ్రహశకలాల గురించి పిల్లలకి చెప్పినదంతా మళ్ళీ గుర్తు చేసుకున్నాను. అందులో అబద్ధం లేదు. రాత్రీపగలూ ఆకాశాన్ని చూస్తున్నవాళ్ళు ఉన్నారు. మునెమ్మ ఇంటి మీద పడే రాయిని చూసే పని మాత్రం ఎవరిదీ కాదు. చూసినవాడు ఒక్కడే, ఎవరి చేన్లోనో పడిందిలే అనుకున్నాడు.

క్వారీ కొన్నాళ్ళు ఆగింది. మళ్ళీ నడుస్తోందట. సూపర్‌వైజరు మీదా, దేవరాజు మీదా కేసు ఉంది. దేవరాజు బెయిలు మీద బయట ఉన్నాడు. పనులు ఆగినన్నాళ్ళూ ఊళ్ళో కోపమంతా అతని మీదే. ఒకరోజు ఎవరో ఇంటి తలుపు పీకేశారు. రాయిని పోలీసులు తీసుకుపోయారు. దాన్ని పెట్టిన మూలలో ఇప్పటికీ ఎవరో పూలు వేసి పోతున్నారని విన్నాను.

మొన్న ధనలక్ష్మి ఫోన్ చేసింది. కోర్టులో రాయి గురించి చెప్పడానికి నేను రావలసి ఉంటుందేమో, వస్తారా అని అడిగింది. వస్తానన్నాను. వెనక ఎవరో దగ్గుతున్న చప్పుడు వినిపించింది.

"ఎవరమ్మా?"

"మా అన్న. ఊళ్ళో ఉండనీలేదు. ఈడికి పిలుచుకోని వచ్చినాను."

"మాట్లాడుతున్నాడా?"

"లేదు మేడం. నేనూ మాట్లాడను." వెనక మళ్ళీ దగ్గు వినిపించింది. "అన్నం పెడతా. తింటాడు."